మేత గడ్డి రకాల ఎంపిక

మేత గడ్డి రకాల ఎంపిక అనగా పశువులు, గొర్రెలు, మేకలు నేరుగా మేయడానికి పెంచే పచ్చిక బయలుకు అనువైన గడ్డి జాతిని, ఆ జాతిలో తగిన రకాన్ని నిర్ణయించడం. ఒకసారి నాటిన బహువార్షిక గడ్డి అనేక సంవత్సరాలు నేలపై ఉంటుంది కనుక ఈ ఎంపికలో జరిగిన పొరపాటును మరుసటి పంటకాలంలో సరిదిద్దుకోవడం సులభం కాదు.

కోత గడ్డి, మేపు గడ్డి

దిగుబడి ఎక్కువగా ఇచ్చే రకమే మంచిదని పలువురు భావిస్తారు. ఇది కోసి వేసే పశుగ్రాసానికి చాలావరకు వర్తిస్తుంది గాని మేపుకు వర్తించదు. సజ్జ, నేపియర్ల సంకరం వలన వచ్చిన ఏపీబీఎన్-1, కో-4 వంటి రకాలు నీటి వసతి గల చోట కోతకు ప్రసిద్ధమైనవి. పశువులను వాటిలోకి వదిలితే తొక్కుడుకు చాలా మేత వ్యర్థమవుతుంది. మేపు గడ్డికి కావలసినది వేరు: నేలకు దగ్గరగా పిలకలు వేయాలి, వేరు పట్టు గట్టిగా ఉండాలి, కొరికిన తరువాత త్వరగా చిగురించాలి.

వర్షపాతం, నేల

రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాలకు అంజన్ గడ్డి (సెంక్రస్ సిలియారిస్) అనువైనది. ఇది వర్షాభావాన్ని బాగా తట్టుకుంటుంది కాని నీరు నిలిచే నేలలో నిలవదు. అటువంటి పల్లపు భూములకు పారా గడ్డి, చౌడు నేలలకు రోడ్స్ గడ్డి, కొబ్బరి తోటల నీడకు గినీ గడ్డి తగినవి. ఒంగోలు పశువుల సీమలో సహజంగా పెరిగే చెంగలి గడ్డికి (ఐసీలేమా లాక్సమ్) కూడా మంచి మేతగా పేరుంది. గడ్డితో పాటు స్టైలో వంటి పప్పుజాతి మొక్కను కలిపి పెంచితే మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి.

విష దోషాలు

ఎంపికలో అన్నిటికంటే ముఖ్యంగా గమనించవలసినది ఇదే. జొన్న జాతి మొక్కలలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు కొరికి నమిలినపుడు దీని నుండి హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. లేత మొక్కలలోను, బెట్టకు వాడిన పైరులోను, కోసిన మోళ్ళ నుండి వచ్చిన పిలకలలోను ఇది అధికం. తెలుగునాట రైతులు దీనిని నాము అంటారు. నాము మేసిన పశువు కొద్ది నిమిషాలలోనే ఊపిరాడక చనిపోవచ్చు. సకాలంలో పశువైద్యుడు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు ఇస్తే బ్రతికే అవకాశం ఉంది. సజ్జలో ధూరిన్ ఉండదు కనుక మేపడానికి జొన్న కంటే సజ్జ నమ్మదగినది.

రకం ఎంపిక ఎంతటి నష్టాన్ని తేగలదో అమెరికాలోని కెంటకీ-31 అనే టాల్ ఫెస్క్యూ గడ్డి చరిత్ర తెలుపుతుంది. 1931లో కెంటకీలోని ఒక కొండవాలుపై గుర్తించిన ఈ గడ్డిని 1943లో రకంగా విడుదల చేశారు. కరవును, తొక్కుడును తట్టుకోవడం వలన విస్తారంగా వ్యాపించింది. అయితే దానిని మేసిన పశువులు వేసవిలో ఎండకు తాళలేకపోవడం, చలికాలంలో గిట్టలు కుళ్ళడం కనిపించింది. గడ్డి లోపల నివసించే ఒక శిలీంధ్రం ఇందుకు కారణమని 1977లో తెలిసింది. చిత్రమేమంటే గడ్డికి ఆ గట్టిదనాన్ని ఇచ్చేది కూడా ఆ శిలీంధ్రమే. దానిని తొలగించిన రకాలు పశువులకు హాని చేయలేదు గాని పచ్చికలో త్వరగా చచ్చిపోయాయి. తరువాత పశువుకు విషం కాని శిలీంధ్రం గల రకాలను రూపొందించవలసి వచ్చింది.

విత్తనం

అంజన్ గడ్డిలో పిండం సాధారణంగా ఫలదీకరణ లేకుండానే ఏర్పడుతుంది. అందువలన పిల్ల మొక్కలు తల్లి మొక్కను పోలి ఉంటాయి, రైతు తన విత్తనం తానే దాచుకోవచ్చు. సజ్జ-నేపియర్ సంకరానికి పనికివచ్చే విత్తనం ఏర్పడదు, కాండపు ముక్కలనో వేరు పిలకలనో నాటాలి.

అప్పుడే కోసిన అంజన్ విత్తనానికి నిద్రావస్థ ఉంటుంది. కొన్ని నెలలు నిల్వ చేసిన విత్తనమే బాగా మొలుస్తుంది. నూగుతో తేలికగా ఉండటం వలన గాలికి కొట్టుకుపోకుండా తడి మట్టితో కలిపి, లోతుగా కాక పైపైనే చల్లుతారు. హెక్టారుకు 4-6 కిలోలు సరిపోతుంది. నూగులో తాలు ఎక్కువగా ఉండవచ్చు కనుక కొనే ముందు కొన్ని గింజలను మొలకెత్తించి చూడటం మంచిది.

తొలి సంవత్సరం వేర్లు నిలదొక్కుకొనే వరకు పశువులను వదలరాదు. చేతితో లాగినపుడు ఆకు తెగి, దుబ్బు ఊడిరాకుంటే పచ్చిక మేపుకు సిద్ధమైనట్లు గుర్తిస్తారు.