డెర్నా: ఎండిన ఏరు ఊరిని ఎలా ముంచింది?

లిబియాలో తొంభై శాతానికి పైగా ఎడారే. అలాంటి దేశంలో మల్లెపూలకు, పండ్ల తోటలకు, ఒక జలపాతానికి పేరున్న ఊరు డెర్నా. 2023 సెప్టెంబరు 11న తెల్లవారక ముందే ఈ ఊరి నడిబొడ్డు మధ్యధరా సముద్రంలోకి కొట్టుకుపోయింది. వేల మంది నిద్రలోనే చనిపోయారు. లిబియాలాంటి చోట వరదేమిటని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. డెర్నా ఎక్కడుందో చూస్తే ఆ ఆశ్చర్యం కొంత తగ్గుతుంది.

తూర్పు లిబియా తీరం వెంట జబల్ అఖ్దర్ అనే పీఠభూమి ఉంది. ఆ పేరుకు అర్థం పచ్చకొండ. దాదాపు 900 మీటర్ల వరకూ లేచిన ఈ కొండలు సముద్రం మీది తేమగాలులను అడ్డగిస్తాయి. లిబియాలో అన్నిటికంటే ఎక్కువ వాన పడేది ఇక్కడే. ఆ వాన కూడా చలికాలంలోనే, అక్టోబరు నుంచి మార్చి దాకా. వేసవి పొడిగా గడుస్తుంది. మధ్యమధ్యలో ఎడారి నుంచి గిబ్లీ అనే వేడిగాలి వీస్తుంది. కొండల మీద పడ్డ నీరు వాదీల గుండా కిందికి వస్తుంది. వాదీ అంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉండే ఏరు. వాదీ డెర్నా సుమారు 575 చదరపు కిలోమీటర్ల మేర కురిసిన నీటిని ఒక ఇరుకు లోయలోకి తెచ్చి, సరిగ్గా ఊరి మధ్య నుంచి సముద్రంలో కలుపుతుంది. అసలు డెర్నా నిలబడిందే ఆ ఏరు తెచ్చిపోసిన మట్టి మీద.

నీరు, రేవు రెండూ ఉన్న చోటును ఎవరూ వదులుకోరు. గ్రీకుల కాలంలో ఇది డార్నిస్. ఏడో శతాబ్దంలో ఇక్కడ బైజాంటియన్లతో పోరాడి చనిపోయిన అరబ్బు సేనాని జుహైర్ ఇబ్న్ ఖైస్, ఆయన సహచరుల సమాధుల దగ్గరున్న సహాబా మసీదు ఊరికి గుర్తు. వరదలో చుట్టూ అంతా కొట్టుకుపోయినా అది నిలిచింది. ఇప్పటి ఊరికి రూపమిచ్చింది స్పెయిన్ నుంచి తరిమివేతకు గురై వచ్చిన ముస్లింలు. 1805 ఏప్రిల్‌లో విలియం ఈటన్ అనే అమెరికన్, అలెగ్జాండ్రియా నుంచి సుమారు 800 కిలోమీటర్ల ఎడారి దాటి వచ్చి ఈ ఊరిని పట్టుకున్నాడు. ఆయన వెంట ఉన్న అమెరికా మెరీన్లు పది మంది కూడా లేరు, మిగిలినవారు కిరాయి సైనికులు, అరబ్బులు. 1911లో ఇటలీ వచ్చింది. 1941లో ఉత్తరాఫ్రికా యుద్ధంలో జర్మన్లను వెనక్కి నెడుతూ ఇక్కడికి చేరినవారిలో నాలుగో భారత డివిజన్ సైనికులూ ఉన్నారు.

ఇక ఆనకట్టల సంగతి. వాదీ పొంగడం కొత్త కాదు. 1959లో పెద్ద వరదే వచ్చింది. 1970లలో యుగోస్లావియా కంపెనీ ఒకటి రెండు ఆనకట్టలు కట్టింది. ఊరికి 13 కిలోమీటర్ల ఎగువన ఉన్న అబూ మన్సూర్ సామర్థ్యం 2.25 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో ముప్పావు టీఎంసీకి కాస్త పైన. ఊరి అంచున ఉన్న రెండోదాని సామర్థ్యం 15 లక్షల ఘనపు మీటర్లు. అంటే పదిహేనో వంతు. పైది తెగితే కిందిది ఆపగలిగే అవకాశమే లేదు. రెండూ నడుమ బంకమట్టి, ఇరువైపులా రాళ్లు పోసి కట్టిన కట్టలు. ఇలాంటి కట్ట మీదుగా నీరు పొర్లకూడదు. పొర్లిందంటే వెనక వాలు కోసుకుపోయి, కొద్దిసేపట్లోనే గండి పడుతుంది.

1986 వరదను ఈ కట్టలు తట్టుకున్నాయి. అదే ఒక రకంగా ప్రమాదమైంది. ఏరు ఇక రాదన్న ధీమాతో వాదీ ఒడ్డు పొడుగునా బహుళ అంతస్తుల ఇళ్లు లేచాయి. 1998లోనే కట్టల్లో పగుళ్లు బయటపడ్డాయి. మరమ్మతులను 2007లో ఒక టర్కీ కంపెనీకి అప్పగించినా పని మొదలైంది 2010లో. మరుసటి ఏడాది గడాఫీపై తిరుగుబాటు రావడంతో అది ఆగిపోయింది. తర్వాత ఊరు కొన్నాళ్లు ఇస్లామిక్ స్టేట్ చేతిలో, కొన్నేళ్లు ఖలీఫా హఫ్తర్ సైన్యం ముట్టడిలో గడిపింది. దేశానికి రెండు ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. కట్టల బాధ్యత ఎవరిదో అడిగే పరిస్థితే లేదు. వాదీలో వరద వస్తే ఊరికి ముప్పు తప్పదని 2022లో అబ్దుల్‌వనీస్ అషూర్ అనే జలశాస్త్ర పరిశోధకుడు ఒక పత్రంలో హెచ్చరించారు కూడా.

2023 సెప్టెంబరు మొదట్లో గ్రీసును ముంచెత్తిన డేనియల్ తుపాను, వెచ్చగా ఉన్న సముద్రం మీదుగా దక్షిణానికి వచ్చింది. బంగాళాఖాతపు తుపాన్లలాగే సుడి తిరిగే ఇలాంటి వాటిని మెడికేన్లు అంటారు. ఇవి అరుదు, చిన్నవి. కానీ ఆ కొండలకు తగిలి కురిస్తే చాలు. డెర్నాకు పశ్చిమాన కొండల మీదున్న అల్ బైదాలో 24 గంటల్లో 414.1 మిల్లీమీటర్లు పడింది. డెర్నాలో ఏడాది మొత్తం పడే వానకంటే అది ఎక్కువ. వాతావరణ మార్పు వల్ల ఇంతటి వాన పడే అవకాశం 50 రెట్ల వరకు పెరిగి ఉండొచ్చని వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ అంచనాలో అనిశ్చితి ఎక్కువని, ఏట్లో ఇళ్లు కట్టడం, కట్టలను గాలికొదిలేయడం నష్టాన్ని పెంచాయని కూడా వాళ్లే చెప్పారు. హెచ్చరిక వ్యవస్థ సరిగ్గా పనిచేసి ఉంటే చాలా మరణాలు తప్పేవని ప్రపంచ వాతావరణ సంస్థ అప్పటి అధిపతి పెట్టేరి టాలస్ అన్నారు.

దొరికిన శవాలు నాలుగు వేలకు పైనే. ఎనిమిది వేల మందికి పైగా ఆచూకీ లేదని ఐక్యరాజ్యసమితి చెప్పింది. 2024 జులైలో డెర్నా కోర్టు 12 మంది అధికారులకు 9 నుంచి 27 ఏళ్ల జైలు శిక్షలు వేసింది. శిక్ష పడినవారు జలవనరులు, ఆనకట్టల నిర్వహణకు సంబంధించినవారు. ఊరి పునర్నిర్మాణ నిధి మాత్రం తూర్పు లిబియాను శాసిస్తున్న హఫ్తర్ కుమారుడు బెల్‌ఖాసిం చేతిలో ఉంది.