పొడిలో దాగిన పాయా: జెలటిన్ కొనే ముందు

మేక కాళ్ళ సూపు రాత్రి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లారి మూత తీసి చూడండి. నిన్న చారులా పారిన సూపు ఇవాళ జున్నులా గడ్డకట్టి ఉంటుంది. గిన్నె కదిపితే వణుకుతుంది, వంచితే మాత్రం జారదు. పొయ్యి మీద పెట్టగానే మళ్ళీ నీరవుతుంది. హైదరాబాద్‌లో చలికాలం పొద్దున్నే పాయా తాగేవాళ్ళకు పెదవులు అంటుకునే ఆ జిగురు బాగా తెలుసు. దుకాణంలో పొడిగా అమ్మే జెలటిన్ అదే పదార్థం. కాకపోతే పాయా ఏ కాళ్ళతో కాచారో మనకు తెలుసు, పొడి దేనితో చేశారో తెలియదు. కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది అక్కడే.

చర్మంలో, ఎముకలో, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుల్లో కొల్లాజెన్ అనే ప్రొటీన్ మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుంది. నీళ్ళలో చాలాసేపు ఉడికితే పేటలు విడిపోతాయి. ఆ విడి పేటలే జెలటిన్. చల్లారేటప్పుడు అవి మళ్ళీ అల్లుకోవాలని చూస్తాయి గాని పాత తాడు కుదరదు. అక్కడక్కడా మాత్రమే ముడిపడి వలలా తయారై నీటిని పట్టి ఉంచుతాయి. ఆ ముడులు మన ఒంటి వేడికే విడిపోతాయి కాబట్టి జెల్లీ నోట్లో వెన్నలా కరుగుతుంది.

మన దేశంలో తయారయ్యే జెలటిన్‌లో ఎక్కువ భాగం పశువుల ఎముకల నుంచే వస్తుంది. నలగ్గొట్టిన ఎముకలను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే ఖనిజం కరిగిపోయి మెత్తటి భాగం మిగులుతుంది. దాన్ని వారాల తరబడి సున్నపు నీళ్ళలో ఉంచి, కడిగి, వేడినీళ్ళలో కాస్తారు. ఇలా వచ్చినది బి రకం. పంది చర్మాన్ని ఆమ్లంలో కొద్దికాలం నానబెట్టి తీసేది ఎ రకం. మొదటి కాపులో లేత రంగు, గట్టి పట్టు ఉన్న సరుకు దిగుతుంది. వేడి పెంచుతూ తీసే తర్వాతి కాపుల్లో రంగు ముదురుతుంది, పట్టు తగ్గుతుంది.

ఆ పట్టును కొలిచే అంకెను బ్లూమ్ అంటారు. ఆస్కార్ బ్లూమ్ అనే అమెరికన్ 1925లో పేటెంట్ పొందిన పరికరం పేరే దానికి స్థిరపడింది. 6.67 శాతం ద్రావణాన్ని 10 డిగ్రీల చల్లదనంలో 16 నుంచి 18 గంటలు ఉంచి, అరంగుళం వ్యాసమున్న కడ్డీతో నొక్కుతారు. జెల్లీ 4 మిల్లీమీటర్లు కుంగడానికి ఎన్ని గ్రాముల బరువు పట్టిందో అదే బ్లూమ్. బజారులో దొరికేవి సుమారు 50 నుంచి 300 దాకా ఉంటాయి. వంటకు 200 పైబడినది హాయి, తక్కువ పొడితోనే గడ్డకడుతుంది. అయితే బ్లూమ్ ఎక్కువైతే పోషకం ఎక్కువని అనుకోకండి. పేటలు పొడుగ్గా మిగిలాయని మాత్రమే దానర్థం.

ఆహారానికి కొనేవాళ్ళు అంతకంటే ముందు వెతకాల్సిన మాట 'ఫుడ్ గ్రేడ్'. 2012లో చైనాలో బయటపడిన మందు గొట్టాల కుంభకోణం ఎందుకో చెబుతుంది. తోళ్ళ కర్మాగారాలు పారేసిన ముక్కల నుంచి తీసిన పారిశ్రామిక జెలటిన్‌తో కొందరు క్యాప్సూళ్ళు చేశారు. తోలును ఊనడానికి వాడిన క్రోమియం వాటిలో పరిమితిని మించి తేలింది. కాబట్టి సంచిలోంచి తూచి ఇచ్చే పేరులేని పొడి ఎంత చవకైనా నేను వద్దంటాను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ లైసెన్సు నంబరు, తయారైన తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న మూసిన ప్యాకెట్టే తీసుకోండి.

గుర్తుల దగ్గర చాలామంది పొరబడతారు. అసలు జెలటిన్ మీద మాంసాహార గుర్తే ఉండాలి. ఇదివరకు అది గోధుమరంగు చుక్క, ఇప్పుడు త్రిభుజం. పచ్చ చుక్కతో 'వెజ్ జెలటిన్' అని కనిపిస్తే అది సముద్రపు నాచు నుంచి తీసిన అగర్, అంటే చైనా గ్రాస్, లేదా క్యారజీనన్. శాకాహారులకు అది చక్కటి దారి, కానీ అందులో ప్రొటీన్ కోసం వెతకడం దండగ. ఏ జంతువు నుంచి తీశారో ప్యాకెట్ చెప్పకపోతే కంపెనీని అడగడానికి మొహమాటపడొద్దు. గొడ్డు మాంసమో పంది మాంసమో ముట్టనివాళ్ళకు ఆ జవాబు రుచి కంటే ముఖ్యం. చేప జెలటిన్ కూడా దొరుకుతుంది.

ఇంటికొచ్చాక ఒక చెంచా పొడిని పావు కప్పు చన్నీళ్ళలో చల్లి పది నిమిషాలు ఆగండి. మంచి పొడి నీరు పీల్చుకుని సమంగా ఉబ్బుతుంది. గోరువెచ్చన దాటేలా వేడి చేసి, మరగనివ్వకుండా కరిగించి వాసన చూడండి. ద్రావణం తేటగా, దాదాపు వాసన లేకుండా ఉండాలి. వడ్రంగి జిగురు కంపు కొడితే వాడకండి.

ఇక ఎంత తినాలన్నది. 19వ శతాబ్దపు పారిస్‌లో ఆసుపత్రుల్లోని పేదలకు మాంసం బదులు జెలటిన్ సూపు పోశారు. అది ఆకలి తీర్చేదేనా అన్న వాదన ఏళ్ళ తరబడి నడిచింది. ఫ్రాన్స్వా మజెండీ నాయకత్వంలోని సంఘం కుక్కల మీద పరీక్షించి 1841లో నివేదిక ఇచ్చింది: జెలటిన్ ఒక్కటే తిన్న కుక్కలు చిక్కి చచ్చిపోయాయి. కారణం తర్వాత తెలిసింది. అందులో గ్లైసిన్ దండిగా ఉన్నా, శరీరం సొంతంగా చేసుకోలేని ట్రిప్టోఫాన్ అసలే లేదు. పప్పు, గుడ్డు, పెరుగు మానేసి జెలటిన్ మింగడం అందుకే ప్రమాదం. కీళ్ళకు మేలన్న మాటకు కొంత ఆధారం ఉంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో విటమిన్ సి కలిపిన 15 గ్రాముల జెలటిన్ తీసుకుని, గంటాగి తాడాట ఆడినవారి రక్తంలో కొల్లాజెన్ తయారీని సూచించే గుర్తు పెరిగింది. అందులో పాల్గొన్నది 8 మంది మగవాళ్ళే కాబట్టి దాన్ని ఆశగా చూడొచ్చు, హామీగా కాదు.

చివరిగా వంటింటి సంగతి ఒకటి. పచ్చి అనాసముక్కలో బొప్పాయిముక్కలో వేసిన జెల్లీ రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టకపోతే పొడిని అనుమానించకండి. ఆ పళ్ళలోని ఎంజైములు పేటలను తుంచేస్తాయి. ముక్కలను ముందుగా ఉడికించి, చల్లార్చి వేయండి, నిలుస్తుంది.