మక్కల రాశికీ కోడిగుడ్డుకూ మధ్య దారి: మీకు తెలుసా?

● గుడ్డులోని పచ్చసొన రంగు కోడిది కాదు, మక్కలది. ఆ రంగును కోడి తన ఒంట్లో తయారు చేసుకోలేదు. పసుపు రంగు మక్కల నుంచి తెచ్చుకుంటుంది. అదే కోడికి తెల్ల మక్కలు పెడితే సొన పాలిపోతుంది. యాసంగి మక్కలు కేసముద్రం మార్కెట్ యార్డుకు చేరే రోజుల్లో ఆ రాశుల పక్కన నిలబడితే, మన పొద్దుటి ఆమ్లెట్ రంగు అక్కడే కనిపిస్తుంది.

● గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో సగానికి పైగా మక్కలే. 10,000 కోళ్ల ఫారానికి రోజుకు 11 క్వింటాళ్ల దాణా కావాలి, అంటే దాదాపు 6 క్వింటాళ్ల మక్కలు. ఎకరంలో 30 క్వింటాళ్లు పండించిన రైతు ఆరుగాలం కష్టం ఆ ఫారానికి ఐదు రోజుల తిండి! మక్కల రైతూ కోళ్ల రైతూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మధ్యలో అడ్తీదారు, లారీ, దాణా మిల్లు ఉంటాయి.

● ఆ ఇద్దరినీ నిజంగా కలిపేది తేమ. మక్కల్లో తేమ 14 శాతానికి మించకూడదంటారు. 20 శాతం తేమతో తెచ్చిన క్వింటా మక్కలు 14 శాతానికి ఆరితే 93 కిలోలే మిగులుతాయి. మిగతా 7 కిలోలు నీళ్లే. తూకం తగ్గుతుందని రైతుకు బాధగా ఉండటం సహజం. కానీ కోళ్ల రైతు భయం వేరు. తడి గింజకు బూజు పడుతుంది, బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్కలో ఆ బూజు దొరికింది. ఈ విషం ప్రపంచానికి తెలిసింది అప్పుడే. పాడి పశువు తింటే దాని ఆనవాలు పాలలోకీ వస్తుంది. అందుకే కల్లంలో ఇంకో రెండు రోజుల ఎండ ఎక్కడో ఉన్న ఫారాన్ని కాపాడుతుంది. అలా ఆరబెట్టిన రైతుకు ఆ మేరకు ధర కూడా దక్కాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

● ఒకరికి దెబ్బ తగిలితే రెండోవారికీ నొప్పి పుడుతుంది. 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన కత్తెర పురుగు అదే ఏడు తెలంగాణ మక్క చేలనూ తాకింది. 2019లో మక్కలు కరువై దాణా ఖరీదు పెరిగి, కోళ్ల రైతులు విలవిలలాడారు. 2020 మొదట్లో కథ తిరగబడింది. కోడి మాంసంతో కరోనా వస్తుందన్న పుకారుకు చికెన్ కొనేవాళ్లు తగ్గారు, దాణా గిరాకీ పడిపోయింది. అప్పటి మద్దతు ధర క్వింటాకు 1,760 రూపాయలు కాగా, చాలా మార్కెట్లలో మక్కల ధర దానికంటే కిందికి జారింది. కోడిని ఎన్నడూ పెంచని రైతు కోడి మీది పుకారుకు నష్టపోయాడు.



● మక్కల సంగతి అలా ఉంచితే, పత్తి గింజల చెక్క బర్రెకు బలం, కోడికి చిక్కు. అందులోని గాసిపాల్ అనే పదార్థం వల్ల గుడ్డు సొన రంగు చెడుతుంది. నెమరు వేసే పశువు కడుపు మాత్రం దాన్ని చాలావరకు అణచగలదు. కాబట్టి పత్తి చెక్క ఎక్కువగా పాడికే పనికొస్తుంది.

● లేత జొన్న చేను పశువుకు ప్రాణాంతకం కావచ్చు. వాన లేక గిడసబారిన లేత మొక్కలో సయనైడ్ విషం పేరుకుంటుంది. పూత వచ్చాక కోసి మేపితే ఆ ముప్పు తగ్గుతుంది.

● పొలంలో తగలబెట్టే వరిగడ్డిని మంచి మేతగా మార్చవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో బాగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తుల విలువ పెరుగుతుంది. మేపే ముందు కాసేపు ఆరబోసి ఘాటు పోనివ్వాలి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు.