ఊగినా పడని కట్టడాలు

భూకంపం వచ్చినప్పుడు ఏ కట్టడం ముందుగా కూలుతుంది? సన్నగా, ఎత్తుగా ఉండి, పైన బరువు మోస్తున్నదే అని మీరు చెప్పవచ్చు. కాని 1960 మే నెలలో చిలీ దేశాన్ని భారీ భూకంపాలు కుదిపినప్పుడు కొన్నిచోట్ల ఇందుకు విరుద్ధంగా జరిగింది. ఎత్తైన నీటి ట్యాంకులు కొన్ని నిలిచాయి. వాటికన్నా దృఢంగా కనిపించిన కట్టడాలు దెబ్బతిన్నాయి. అమెరికన్ ఇంజనీరు జార్జ్ హౌస్నర్ 1963లో ఈ వింతకు వివరణ ఇచ్చాడు. కంపనాలకు ఆ ట్యాంకుల పునాది అంచు ఒక పక్క కాస్త లేచి, దిగి, మళ్లీ రెండో పక్క లేస్తుంది. ఈ ఊగడమే వాటిని కాపాడింది.

ఇటుకతో ఒక ప్రయోగం

ఒక ఇటుకను బల్లపై నిలువుగా నిలబెట్టండి. కొద్దిగా వంచి వదలండి. 'టక్... టక్.. టక్ టక్' అంటూ చప్పుడు క్రమంగా త్వరపడి ఆగిపోతుంది. గడియారపు లోలకం ఎక్కువగా ఊగినా, తక్కువగా ఊగినా ఒక్కో ఊపుకు పట్టే కాలం దాదాపు ఒకటే. ఇటుక అలా కాదు. ఎక్కువగా వంగితే ఎక్కువ కాలం, తక్కువగా వంగితే తక్కువ కాలం తీసుకుంటుంది. అందువల్ల ఉయ్యాలను సరైన సమయంలో తోస్తూ ఊపు పెంచినట్లు, భూకంపం దీని ఊపును సులువుగా పెంచలేదు. పైగా ప్రతి 'టక్'కూ కొంత శక్తి ఖర్చయిపోతుంది.

రెండు మీటర్ల ఎత్తు, అర మీటరు వెడల్పు ఉన్న దిమ్మెను తీసుకుందాం. నేల త్వరణం గురుత్వ త్వరణంలో నాలుగో వంతు దాటితే దాని అంచు లేస్తుంది. అయితే లేవడం వేరు, పడటం వేరు. పడాలంటే నేల అదే దిశలో తగినంతసేపు తోయాలి. అదే ఆకారంలో నాలుగు రెట్లు పెద్ద దిమ్మెకు రెట్టింపు సమయం కావాలి. ఆలోగా నేల దిశ మార్చుకుంటుంది. అందుకే ఒకే ఆకారం గలవాటిలో పెద్దదాన్ని పడగొట్టడం కష్టం.

షేక్ టేబుల్‌పై పరీక్ష

దీన్ని పరీక్షించే వేదికను 'షేక్ టేబుల్' అంటారు. నూనె పీడనంతో పనిచేసే జాకీలు దాన్ని ఏదైనా పాత భూకంపంలో నేల కదిలిన తీరులోనే కదుపుతాయి. నమూనా అసలు కట్టడంలో నాలుగో వంతు ఉంటే, త్వరణాన్ని అలాగే ఉంచి కాలాన్ని సగానికి కుదించాలి. లేకపోతే చిన్న నమూనా అనవసరంగా పడిపోయి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మరో చిక్కు కూడా ఉంది. అంచు కింద చిన్న ఇసుక రేణువు చేరినా ఫలితం మారవచ్చు. ఒక కుదుపుకు పడిన దిమ్మె, అంతకన్నా గట్టి కుదుపుకు నిలవవచ్చు! కనుక ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరు. పరీక్షలు అనేకసార్లు జరిపి, ఎన్నింటిలో పడిందో లెక్కిస్తారు.

ఉపయోగం ఏమిటి?

న్యూజిలాండ్‌లో 1981లో ప్రారంభమైన సౌత్ రంగిటికీ రైలు వంతెన స్తంభాలు భూకంపంలో ఒక్కో కాలు ఎత్తి అడుగులు వేసేలా నిర్మించినవే. 2023లో అమెరికాలోని శాన్ డియేగోలో పది అంతస్తుల కలప భవనాన్ని షేక్ టేబుల్‌పై పరీక్షించారు. దాని గోడలు ఊగుతాయి. లోపలి ఉక్కు కడ్డీలు వాటిని తిరిగి నిటారుగా లాగుతాయి. భవనం నిలవడమే కాదు, భూకంపం తర్వాత కూడా వాడుకోగలిగేలా ఉండాలన్నది లక్ష్యం. ఆసుపత్రుల వంటి చోట్ల దీని విలువ చెప్పనక్కరలేదు.

కాని ఊగాలంటే కట్టడం ఒకే ముద్దగా నిలవాలి. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో మట్టితో పేర్చిన రాతి గోడలు ఊగే లోపే విడిపోయి వేలాదిమంది ప్రాణాలు తీశాయి. ఊగే స్వేచ్ఛను లెక్కకట్టి నిర్మించినవాటికే ఇవ్వాలి. మీ పడకగదిలోని ఇనప బీరువాకు మాత్రం వద్దు. దాన్ని గోడకు బిగించండి.