కక్ష కాదు, నొప్పి: పెంపుడు కుక్కలు, పిల్లుల గురించి అపోహలు – వాస్తవాలు

పొగరెక్కింది, కక్ష కట్టింది, తప్పు చేసి మొహం చాటేస్తోంది, అలిగి తిండి మానేసింది... ఇంట్లో కుక్క మీదా పిల్లి మీదా మనం చెప్పే ఫిర్యాదులు ఇలాగే ఉంటాయి. ఒంట్లో బాగోలేదని చెప్పుకోవడానికి ఆ నోరు లేని ప్రాణికి ఉన్న దారి ప్రవర్తన ఒక్కటే. ఉన్నట్టుండి దాని అలవాటు మారితే ముందు జబ్బును అనుమానించాలి, ఆ తర్వాతే బుద్ధి సంగతి. మనం ఈ వరుసను తిరగేయడం వల్లే బతకాల్సినవి కూడా పోతున్నాయి.

“మమ్మల్ని సాధించడానికే పిల్లి పరుపు మీద పోస్తోంది”

పగబట్టి పరుపు పాడుచేసే ఆలోచన పిల్లికి లేదు. ఇన్నాళ్లూ శుభ్రంగా ట్రేలో పోసే పిల్లి హఠాత్తుగా పరుపు మీదా, చల్లటి నేల మీదా, బాత్‌రూమ్ జాలీ దగ్గరా పోస్తోందంటే మూత్రకోశంలో వాపో రాళ్లో ఉండొచ్చు. ట్రేలో కూర్చున్నప్పుడల్లా మంట పుడుతుంటే, ఆ మంటకు ట్రేనే కారణమనుకుని వేరే చోటు వెతుక్కుంటుంది.

మగపిల్లికైతే ఇది ప్రాణాల మీదికొస్తుంది. దాని మూత్రనాళం చాలా సన్నం. ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలు జిగురుతో కలిసి అడ్డుపడితే చుక్క కూడా బయటికి రాదు. అప్పుడు పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్తుంది, నడుం వంచి ముక్కుతుంది, సన్నగా మూలుగుతుంది, బయటికొచ్చి మూత్రం వచ్చే చోట అదేపనిగా నాక్కుంటుంది, మళ్లీ వెళ్తుంది. ట్రేలో చూస్తే ఇసుక పొడిగానే ఉంటుంది. మలబద్ధకమేమో అనుకుని ఆముదమో నెయ్యో పట్టించి తెల్లారేదాకా చూద్దామనుకుంటారు. ఈలోగా మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి, రక్తంలో పొటాషియం పెరిగిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రయినా సరే, డాక్టర్‌ను లేపాల్సిన జబ్బు ఇది.

జబ్బేమీ లేదని తేలాక ట్రే సంగతి చూడండి. రోజూ శుభ్రం చేస్తున్నారా? వాషింగ్ మెషీన్ పక్కన చప్పుడులో పెట్టారా? ఇంట్లోకి కొత్తగా ఇంకో పిల్లి వచ్చిందా? ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక ట్రే ఎక్కువ ఉండాలన్నది డాక్టర్లు చెప్పే లెక్క.

“తప్పు చేశానని దానికి తెలుసు, ఆ మొహం చూడండి”

న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. కుక్క ముందు తినుబండారం పెట్టి, తినొద్దని యజమాని చేత చెప్పించి, ఆయన్ను గది బయటికి పంపారు. తిరిగొచ్చాక, కుక్క తిందో లేదో కొందరు యజమానులకు నిజం, కొందరికి అబద్ధం చెప్పారు. కుక్క తిందా లేదా అన్నదానికీ ఆ మొహానికీ సంబంధమే కనిపించలేదు. యజమాని తిడితేనే చెవులు వెనక్కి పడ్డాయి, చూపు దించుకుంది. ఏ పాపం ఎరగని కుక్కల్లో అయితే అది మరీ ఎక్కువగా కనిపించింది. మనం పశ్చాత్తాపం అనుకునేది మన కోపాన్ని చూసి పుట్టిన భయం.

పొద్దున ఎప్పుడో పోసిన మూత్రంలో సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి కుక్క ముక్కు రుద్దేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది పొద్దుటి పనికి శిక్ష అని కుక్కకు అర్థం కాదు. తలుపు తెరుచుకుంటే దెబ్బలు పడతాయని మాత్రం నేర్చుకుంటుంది. లేవగానే, తినగానే, ఆడి అలిసిపోగానే బయటికి తీసుకెళ్లడం, బయట పోసిన ఆ క్షణంలోనే మెచ్చుకుని నోటికేదైనా అందించడం ఫలితమిచ్చే పద్ధతి. నేల మీద ఫినాయిల్ చల్లితే మన ముక్కుకు వాసన పోతుంది, కుక్క ముక్కుకు పోదు. అక్కడే మళ్లీ పోస్తుంది. మూత్రం వాసనను పోగొట్టే ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడండి.

‘మనమే బాస్ అని చూపించాలి’ అంటూ కుక్కను వెల్లకిలా పడేసి నొక్కిపట్టే పద్ధతి కూడా ఈ కోవలోదే. బోనుల్లో కలిపి పెంచిన తోడేళ్లను చూసి అల్లిన సిద్ధాంతం అది. 1970లో ‘ది వుల్ఫ్’ పుస్తకంతో దానికి ప్రచారం తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీతండ్రీ పిల్లలేనని 1999లో స్వయంగా రాశారు, ఆ పుస్తకం ముద్రణ ఆపమని ప్రచురణకర్తలనూ కోరారు. కుక్క గుర్రుమంటే అది హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. సాధువుగా ఉండే ముసలి కుక్క ఎత్తుకోబోతే గుర్రుమందంటే కీళ్లో, చెవో, పన్నో నొప్పిగా ఉందేమో చూపించాలి.

“ముక్కు పొడిగా ఉంది, ఒళ్లు కాలుతోంది, జ్వరం బిళ్ల సగం వేస్తే సరి”

ఈ ఒక్క మాటలోనే రెండు అపోహలున్నాయి, రెండోది చంపేస్తుంది. నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది, దాన్నిబట్టి జ్వరం తెలియదు. కుక్కలకూ పిల్లులకూ మామూలు వేడే సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మన చేతికి అది జ్వరంలా తగులుతుంది. లేని జ్వరానికి మందు వేసేస్తాం.

ఆ జ్వరం బిళ్లలోని పారాసిటమాల్‌ను విడగొట్టి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ. మందు విషంగా మారి రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు ఉబ్బుతాయి, ఎగశ్వాస మొదలవుతుంది. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి చాలు, ప్రాణం తీయడానికి. పొరపాటున వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ బిళ్లల షీటు పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. విరుగుడు ఉంది, ఎంత త్వరగా పడితే అంత మేలు. ఫినాయిల్లోని ఫినాల్ రకాల్నీ పిల్లి కాలేయం ఇలాగే విడగొట్టలేదు. తడినేల మీద నడిచి, పాదాలు నాక్కుంటుందని గుర్తుంచుకోండి. కుక్కలకైతే మనం వాడే నొప్పి మాత్రలు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

“గోమార్లు వీధికుక్కలకే పడతాయి”

కుక్కలకు పట్టే గోధుమ రంగు గోమారి ఇంట్లోనే తరతరాలు గడపగలదు. రక్తం తాగి ఉబ్బిన ఆడది కుక్క మీంచి రాలి, గోడ పగుళ్లలోకో తలుపు చట్రం సందులోకో పోయి వేలల్లో గుడ్లు పెడుతుంది. ఒంటి మీదివి ఏరినంత మాత్రాన అయిపోదు, ఇంటికీ మందు కొట్టించాలి. ఎర్లీకియా, బెబీసియా జ్వరాలు వీటి వల్లే వస్తాయి. ‘అలిగి తిండి మానేసింది’ అనుకున్న కుక్క చిగుళ్లు పాలిపోయి ఉంటే, ముక్కులోంచి రక్తం కారితే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. గోమార్లు పోతాయని కిరోసిన్ పూస్తే చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులకు ముప్పు. కుక్క మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కల మందును పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు.

ఇలాంటి అపోహలు మరో రెండున్నాయి. పిల్లికి పాలు పోయాలన్నది ఒకటి. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు ముందు ఆడకుక్క ఒక్క కాన్పయినా చూడాలనే మాటలో వైద్యం ఏమీ లేదు. ఆపరేషన్ చేయించకపోతే గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం మాత్రం వయసుతో పెరుగుతుంది.

“అమ్మాయి కడుపుతో ఉంది, పిల్లిని ఎక్కడైనా వదిలేసి రండి”

ఈ భయానికి మూలం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. పిల్లికి అది మొదటిసారి సోకినప్పుడు, మామూలుగా ఒకటి రెండు వారాలపాటు మాత్రమే మలంలో బయటికొస్తుంది. వచ్చాక కూడా అంటుకునే స్థితికి చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే ట్రేను రోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి కాకుండా మరొకరు చేయాలి. తప్పకపోతే గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లికి పచ్చిమాంసం పెట్టకూడదు, బయట తిరగనివ్వకూడదు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టిపని నుంచి గర్భిణికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. పిల్లిని నిమరడం వల్ల దాదాపు రాదు. ఇంకా బెంగగా ఉంటే గైనకాలజిస్టును అడిగి రక్తపరీక్ష చేయించుకోవచ్చు. పిల్లిని వదిలేసి రావాల్సిన పని లేదు.