పండగ అరిసె కాదు, రోజూ తాగే టీ: తీపి మానడంపై అపోహలు – వాస్తవాలు

చక్కెర మానేయాలని ఒక్కసారైనా అనుకోని ఇల్లు ఇప్పుడు అరుదు. డాక్టర్ చెప్పారనో, బరువు పెరిగామనో, ఇంట్లో ఎవరికో షుగర్ బయటపడిందనో పంచదార డబ్బా అటకెక్కుతుంది. వారం తిరగకముందే మళ్లీ కిందికి దిగుతుంది. చివరికి మిగిలేది ‘నాకు నోటి మీద అదుపు లేదు’ అన్న బాధ. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువడింది. దాని అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమందికి అవసరమైన విషయంలో సగం తెలిసిన మాటలు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయి. తీపి మానలేక సతమతమయ్యేవారిలో చాలామంది పట్టుదల తక్కువై కాదు, ఆ పట్టుదలను ఎక్కడ పెట్టాలో సరిగ్గా చెప్పేవారు లేకే ఓడిపోతున్నారు.

అపోహ 1: తీపి మానలేకపోతున్నామంటే మనోబలం లేనట్టే.

వాస్తవం: తీపి మీద ఇష్టం పుట్టుకతో వచ్చేది. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుకకు కూడా తీపి హాయిగా ఉంటుంది. తల్లిపాలలో దాదాపు 7 శాతం లాక్టోజ్ అనే చక్కెరే. ఈ సహజమైన ఇష్టానికి అలవాటు తోడైతే నోరు లాగడం మొదలవుతుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి టీతో బిస్కెట్ తినేవారికి ఆ వేళ కాగానే, ఆకలి ఉన్నా లేకున్నా, చెయ్యి డబ్బా వైపు వెళ్తుంది. భోజనం కాగానే ఏదో ఒక తీపి వెతుక్కోవడమూ ఇలాంటిదే.

నిద్ర సంగతి చాలామంది గుర్తించరు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి పరీక్షించారు. బాగా నిద్రపోయిన రోజులతో పోలిస్తే వారిలో ఆకలిని పెంచే హార్మోన్ 28 శాతం పెరిగింది, ఇక చాలని చెప్పే హార్మోన్ 18 శాతం తగ్గింది. తీపి, పిండి పదార్థాల మీదికే వారి మనసు ఎక్కువగా పోయింది. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి, పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నానికి స్వీటు కనబడగానే ఆగలేకపోయిన మనిషి తనను తాను తిట్టుకోవడం కన్నా ఆ రాత్రి ఒక గంట ముందు పడుకోవడం మేలు.

అపోహ 2: చక్కెర మత్తుమందు లాంటిది, ఒకసారి అలవాటైతే వదలదు.

వాస్తవం: ఈ మాటకు మూలం ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎలుకలను రోజూ 12 గంటలు పస్తు ఉంచి, తర్వాత తిండితో పాటు చక్కెర నీళ్లు ఇచ్చారు. కొన్నాళ్లకు అవి ఆ నీళ్ల కోసం ఎగబడ్డాయి, వ్యసనం లాంటి లక్షణాలు చూపాయి. ఆ ఎగబాటులో చక్కెరతో పాటు పస్తుకూ పాత్ర ఉంది. మనుషుల విషయానికొస్తే, మానసిక వైద్యులు ప్రామాణికంగా వాడే డీఎస్ఎం–5లో (2013) చక్కెర వ్యసనం అనే జబ్బు లేదు. ఆ ఎలుకల ప్రయోగం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. పగలంతా కడుపు మాడ్చుకుని, ఆ తర్వాత తీపి ముందు కూర్చుంటే ఎవరికైనా అదుపు తప్పుతుంది.

తీపి మానిన రెండో రోజు తల పగిలిపోతోందని కొందరు భయపడతారు. చక్కెరతో పాటు టీ, కాఫీ కూడా ఒక్కసారిగా ఆపేశారేమో చూసుకోండి. కెఫీన్ ఆగితే వచ్చే తలనొప్పి 12 నుంచి 24 గంటల్లో మొదలై, వారం లోపు చాలామందిలో తగ్గిపోతుంది. టీ మానకుండా అందులో చక్కెర తగ్గించుకుంటే ఈ బాధే ఉండదు.

అపోహ 3: ఒళ్లు తీపి అడుగుతోందంటే ఒంట్లో ఏదో తక్కువైనట్టే.

వాస్తవం: మెగ్నీషియం తక్కువైతే చాక్లెట్ మీదికి మనసు పోతుందని ప్రచారం ఉంది. అదే నిజమైతే మెగ్నీషియం దండిగా ఉన్న గుమ్మడి గింజల మీదికి, బాదం మీదికి మనసు పోవాలి. అలా జరగదు. మెదడు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుందన్నది నిజమే. అయితే అన్నం, రొట్టె, పప్పు, పండ్ల నుంచి శరీరం దాన్ని తయారు చేసుకోగలదు. తిండి అందనప్పుడు కాలేయం కూడా గ్లూకోజ్‌ను విడుదల చేస్తుంది. మెదడు కోసం విడిగా పంచదార తినాల్సిన అవసరం ఏ వయసులోనూ లేదు.

అపోహ 4: పంచదార బదులు బెల్లం, తేనె వాడితే ఎంతైనా తినొచ్చు.

వాస్తవం: మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ ఇదే. మంచిదనుకున్న దాన్ని మనం కొలవం కాబట్టి ఇది ప్రమాదకరం కూడా. అనకాపల్లి బెల్లమైనా, తాటి బెల్లమైనా అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలు, మిగిలిన దానిలో ఎక్కువ నీరు. గ్రాము చక్కెర ఏ రూపంలో లోపలికి వెళ్లినా ఇచ్చేది 4 కేలరీలే, రక్తంలో చేరేదీ చక్కెరగానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెను, పండ్ల రసాలను కూడా పంచదార పద్దులోనే కలిపింది.

బెల్లంలో ఇనుము, ఇతర ఖనిజాలు కొంత ఉన్న మాట నిజం. పాయసానికి అది ఇచ్చే రుచి, వాసన పంచదారకు రావు. రుచి కోసం బెల్లం వాడుకోండి. రక్తహీనతకు మందుగా మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. టీలో వేసుకునే చిన్న ముక్కలో దొరికే ఇనుము చాలా స్వల్పం. దాని కోసం ఆకుకూరలు, పప్పులు, నువ్వులు, అలవాటున్నవారు మాంసం తినడం మేలు. షుగర్ ఉన్నవారు ‘బెల్లమే కదా’ అని రెండు బొబ్బట్లు ఎక్కువ వేసుకుంటే గ్లూకోమీటర్ వాటిని విడిచిపెట్టదు. బ్రౌన్ షుగర్ కూడా మడ్డి కొంత మిగిలిన పంచదారే.

అపోహ 5: స్వీట్లు మానేశాను కాబట్టి చక్కెర మానేసినట్టే.

వాస్తవం: ఒక లెక్క వేసి చూద్దాం. చెంచా పంచదార సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు టీలు తాగితే 40 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటొద్దంటున్నాయి. ఒక్క స్వీటు కూడా ముట్టకుండా, టీతోనే ఆ గీత దాటేశాం. కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర మామూలు. చిన్న సీసా ఒక్కటి తాగితే రోజు కోటా అయిపోతుంది.

బిస్కెట్లు, టమాటా సాస్, రుచులు కలిపిన పెరుగు, పిల్లలకు పాలలో కలిపే పొడులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పాలలో కలిపే అలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ పేరుతో చూపించవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు సూచించింది. ప్యాకెట్ వెనుక చక్కెర ఎంతో రాసి ఉంటుంది, దాన్ని చదవండి. లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్, కార్న్ సిరప్ అని ఉంటే అవీ చక్కెరలే.

ఏడాదికి నాలుగు పండగలకు తినే అరిసె, సున్నుండ, పూతరేకు మన ఆరోగ్యాన్ని పాడుచేయడం లేదు. రోజూ తెలియకుండా లోపలికి పోయే ఈ చక్కెరే పాడుచేస్తోంది. పోరాడాల్సింది దీనితో.

అపోహ 6: పండ్లలోనూ చక్కెరే, అవి కూడా మానాలి.

వాస్తవం: పండు నమిలి తింటే పీచుతో పాటు మెల్లగా లోపలికి వెళ్తుంది, కడుపు నిండుతుంది. రసం తీస్తే ఆ పీచు చాలావరకు పోతుంది, మూడు నాలుగు బత్తాయిల చక్కెర రెండు గుక్కల్లో దిగిపోతుంది. హార్వర్డ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ద్రాక్ష, యాపిల్ వంటి పండ్లను పండ్లుగా తిన్నవారిలో మధుమేహ ముప్పు తక్కువగా, రసాలు ఎక్కువగా తాగినవారిలో ఎక్కువగా కనిపించింది. జామ, బొప్పాయి, నారింజ తీపి కోరికను తీర్చడానికి మంచి దారి. షుగర్ ఉన్నవారు మామిడి, సపోటా, అరటి ఎంత తినొచ్చో డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

అపోహ 7: ‘షుగర్ ఫ్రీ’ అని రాసి ఉంటే భయం లేదు.

వాస్తవం: షుగర్ ఫ్రీ మిఠాయిలో పంచదార లేకపోవచ్చు. కోవా, నెయ్యి, మైదా ఉంటాయి, వాటి కేలరీలూ ఉంటాయి. కృత్రిమ తీపి పదార్థాలను బరువు తగ్గడానికి సాధనంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించింది కాదు. వారు డాక్టర్ సలహాతో పరిమితంగా వాడుకోవచ్చు. మిగతావారికి నాలుకకు తక్కువ తీపిని అలవాటు చేయడమే అసలైన దారి.

అపోహ 8: షుగర్ వ్యాధి తీపి వల్లే వస్తుంది, తీపి మానితే చాలు.

వాస్తవం: వంశపారంపర్యం, పొట్ట చుట్టూ కొవ్వు, కదలిక లేని జీవితం, తిండి తీరు అన్నీ కలిస్తే టైప్–2 మధుమేహం వస్తుంది. తియ్యటి పానీయాలు ముప్పును పెంచుతాయన్నదానికి గట్టి ఆధారాలున్నాయి. అన్నం సంగతి కూడా తెలుగువారికి చెప్పాలి. 21 దేశాల్లో లక్షా 32 వేల మందిని సగటున తొమ్మిదిన్నరేళ్లు గమనించిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. దక్షిణాసియాలో రోజుకు 450 గ్రాములు, ఆపైన తెల్ల అన్నం తినేవారిలో మధుమేహ ముప్పు 150 గ్రాముల లోపు తినేవారికన్నా 61 శాతం ఎక్కువగా తేలింది. టీలో చక్కెర మాని, కంచంలో అన్నం అలాగే ఉంచితే సగం పనే చేసినట్టు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి.

అపోహ 9: 21 రోజులు ఓర్చుకుంటే చాలు, తీపి మీద ఇష్టమే పోతుంది.

వాస్తవం: 21 రోజుల మాట 1960లో మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి ప్రచారంలోకి వచ్చింది. లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం జరగలేదని కూడా అందులో తేలింది. మూడు వారాల తర్వాత కూడా నోరు లాగుతోందంటే మీరు ఓడిపోయినట్టు కాదు.

నాలుక మాత్రం మారుతుంది. 2016లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో చక్కెర తగ్గించుకున్నవారికి మూడో నెలకల్లా అదే పుడ్డింగ్ దాదాపు 40 శాతం ఎక్కువ తియ్యగా అనిపించింది. తీపి మీద వారి ఇష్టం తగ్గలేదు. మళ్లీ స్వేచ్ఛగా తిననిస్తే పాత స్థితి తిరిగొచ్చింది. కాబట్టి ఇష్టం పోయేదాకా ఎదురుచూడకండి, తక్కువ తీపితోనే తృప్తి కలిగే స్థితికి చేరితే చాలు.

తీపి మీదికి మనసు పోయినప్పుడు

టీలో చక్కెరను ఒక్కసారిగా కాకుండా, రెండు చెంచాల నుంచి ఒకటిన్నరకు, కొన్నాళ్లకు ఒకటికి, తర్వాత అర చెంచాకు తగ్గించండి. పొద్దున పెసరట్టు, గుడ్డు, శనగలు, మొలకలు వంటి మాంసకృత్తులున్న టిఫిన్ తినండి. నోరు లాగగానే లేచి పావుగంట చురుగ్గా నడవండి. అంత నడకకే చాక్లెట్, తీపి తిండి మీద కోరిక తగ్గుతుందని ఇంగ్లండ్‌లో, ఆస్ట్రియాలో జరిగిన ప్రయోగాలు చూపాయి. బిస్కెట్ డబ్బా కంటికి కనబడకుండా పెట్టడం కాదు, ఇంటికే తేకండి. స్వీటు తినాల్సి వస్తే ఖాళీ కడుపుతో వద్దు, భోజనం చివర ఒకటి ప్లేటులో పెట్టుకుని కూర్చుని తినండి.

ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారికి ఒక హెచ్చరిక. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు పడిపోయి చెమటలు, వణుకు, తికమక వస్తే అది జిహ్వ చాపల్యం కాదు. వెంటనే 15 గ్రాముల చక్కెరను, అంటే మూడు చెంచాలను, నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. తిండి తగ్గించే ముందు మందుల మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

ఇంటికి వచ్చినవారికి ‘ఒక్కటి తీసుకోండి, ఏం కాదు’ అని బలవంతం చేసే అలవాటు మన ప్రేమలో ఒక భాగం. వద్దన్నవారి మాటను ఒక్కసారికే గౌరవించడం కూడా ప్రేమే. తీపి మానాలనుకునేవారు పండగను వదులుకోనక్కర్లేదు. రేపు పొద్దుటి టీలో అర చెంచా పంచదార తగ్గించి మొదలుపెట్టండి.