తూటా పట్టింది కదా అని పేల్చెయ్యకండి!

కొన్నేళ్ళ క్రితం మాట. నేనింకా హెచ్-1బి మీద ఉన్న రోజులు. మా పక్కింటి పెద్దాయన ఒకసారి తన గరాజ్‌లోకి పిలిచి, బల్ల మీదున్న పాత వెబ్లీ రివాల్వర్ చూపించారు. పక్కనే ఇత్తడి గొట్టాలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసుకుందామని చెయ్యి చాచాను. ఆయన ఆపి, "నీకు గ్రీన్‌కార్డ్ వచ్చిందా?" అని అడిగారు. ఖాళీ గొట్టానికీ గ్రీన్‌కార్డుకీ సంబంధం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇంతకీ ఆ గొట్టాలు ఎందుకు? ఆ వెబ్లీ మార్క్ 6 రకాన్ని బ్రిటిష్ సైన్యం 1915లో తీసుకుంది. మన దేశంలో తెల్లదొరల నడుములకు వేలాడినవీ ఇలాంటివే. దాని తూటా .455 సైజు. సైన్యాలు ఆ సైజును ఎప్పుడో వదిలేశాయి. ఊళ్ళోని స్పోర్టింగ్ గూడ్స్ షాపుకి వెళ్తే 9 మి.మీ. డబ్బాలు గుట్టలుగా ఉంటాయి గానీ ఇది దొరకడం అరుదు, దొరికినా ధర మండిపోతుంది. అందుకే ఇలాంటి పాతవి ఉన్నవాళ్ళు తూటాలు తామే తయారు చేసుకుంటారు. దీన్నే రీలోడింగ్ అంటారు.

మనం మాటవరసకి తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. నిజానికి అందులో నాలుగు భాగాలు: ఇత్తడి గొట్టం, అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందుకు దూసుకుపోయే బుల్లెట్. పేల్చాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, పగుళ్ళున్నాయేమో చూసి, పాత ప్రైమర్ తీసేసి, ఉబ్బిన గొట్టాన్ని అచ్చులో నొక్కి అసలు కొలతకు తెస్తారు. తర్వాత కొత్త ప్రైమర్, తూచిన మందు, చివరికి బుల్లెట్.

వినడానికి తేలికే! చిక్కంతా అరుదైన సైజులతోనే. యూరప్ సైన్యాల పాత తూటాలు చాలావాటికి బెర్డాన్ రకం ప్రైమర్ ఉంటుంది. అమెరికాలో వాడే బాక్సర్ రకానికి గొట్టం అడుగున మధ్యలో ఒకే రంధ్రం, అందులోంచి సూది దూర్చి పాత ప్రైమర్‌ని బయటికి తోసేస్తారు. బెర్డాన్‌కి మధ్యలో రంధ్రం ఉండదు కాబట్టి ఆ పద్ధతి పనిచెయ్యదు. జపాన్ వారి 8 మి.మీ. నంబూ పిస్తోలుకైతే .38 స్పెషల్ గొట్టాన్ని కోసి, అంచు తరిగి మార్చుకునేవాళ్ళున్నారు. రష్యా వారి 1895 నాటి నాగాంత్ రివాల్వర్‌ది మరీ విచిత్రం. ట్రిగర్ నొక్కితే సిలిండర్ ముందుకు జరిగి గొట్టం మూతి బ్యారెల్‌లోకి దూరుతుంది, గ్యాస్ బయటికి పోకుండా! వేరే తూటా నుంచి మార్చి చేసిన పొట్టి గొట్టం వేస్తే ఆ బిగింపు రాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం "పట్టింది కదా" అనుకోవడం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాకి వచ్చిన వెబ్లీలలో చాలావాటికి సిలిండర్ వెనకభాగం తరిగి, ఇక్కడ సులువుగా దొరికే .45 ఏసీపీ తూటా పట్టేలా మార్చేశారు. ఆ తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు. వెబ్లీని తయారుచేసింది అంతకంటే బాగా తక్కువ ఒత్తిడికి. తూటా చక్కగా కూర్చుంటుంది, సిలిండర్ మాత్రం పగలవచ్చు. 7.63 మౌజర్, 7.62 టోకరెవ్ కూడా అంతే. కొలతల్లో దాదాపు కవలలు, కానీ రెండోది ఎక్కువ ఒత్తిడిది. పాత మౌజర్‌లో దాన్ని పేల్చకూడదు. మన భాషలో చెప్పాలంటే, కోడ్ కంపైల్ అయినంత మాత్రాన ప్రోగ్రాం సరైనదని కాదు కదా!

బల్ల దగ్గర ఇంకో గండం ఉంది. పాత పెద్ద గొట్టాలలో నేటి పొగరాని మందు కొంచెమే పడుతుంది, సగం పైనే ఖాళీ. పరధ్యానంలో రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు. అసలు పొయ్యడం మర్చిపోతే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది, చూసుకోకుండా మరోటి పేలిస్తే బ్యారెల్ చీలుతుంది. అందుకే మా పెద్దాయన యాభై గొట్టాలూ చెక్కపలకలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చిలైటుతో ఒక్కొక్కదాంట్లోకీ తొంగి చూస్తారు. మందు ఎంతన్నది అచ్చయిన మాన్యువల్ చూసే తప్ప నోటిమాట మీద పొయ్యరు. ఆ సమయంలో ఫోన్ ఎత్తరు. ప్రైమర్లలో సీసం ఉంటుంది గనుక చేతులు కడుక్కోకుండా మనవల్ని ముట్టుకోరు.

ఇక గ్రీన్‌కార్డు సంగతి. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్‌లో "అమ్యూనిషన్" అంటే నిండు తూటా ఒక్కటే కాదు. ఖాళీ గొట్టం, ప్రైమర్, బుల్లెట్, మందు కూడా విడివిడిగా దాని కిందికే వస్తాయి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ ఇవి గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 2022 చట్టంతో గరిష్ఠ శిక్ష పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళకి పెరిగింది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు గానీ, తుపాకీ నేరం రుజువైతే వాళ్ళనీ దేశం నుంచి పంపించవచ్చు. సొంతానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే కావాలి. రాష్ట్రాల చట్టాలు వేరు, అవి విడిగా చూసుకోవాల్సిందే.

వీకెండ్‌లో స్నేహితులతో సరదాగా రేంజికి వెళ్ళే మన కుర్రాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు. గుర్తుగా జేబులో వేసుకున్న ఒక్క ఖాళీ గొట్టం పదేళ్ళ కష్టాన్ని ఇరకాటంలో పెట్టగలదు. ఇండియాలోనూ 1959 ఆయుధాల చట్టం తూటా భాగాలను వదల్లేదు. కాబట్టి రేంజికి తీసుకెళ్ళిన బ్యాగుతోనే ఇండియా ప్రయాణం కడుతుంటే అరలన్నీ దులిపి చూడండి. వచ్చేటప్పుడు ఆవకాయ సీసా కారకుండా పడే జాగ్రత్తలో సగం పడితే చాలు!

గ్రీన్‌కార్డ్ వచ్చిన వారం పెద్దాయన ఇంటి తలుపు తట్టాను. నా చేతిలో ఒక ఖాళీ గొట్టం, ఒక టార్చిలైటు పెట్టి, "ముందు లోపలికి చూడు" అన్నారు.